తీపి లేని పద్నాలుగు

మా మామయ్యగారి మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే, కానీ ఏ కోర్టులో వేసినా నాదే గెలుపు: ఆయన నా పాయసాన్ని తాగరు, చదువుతారు. కాపరానికొచ్చిన మొదటి వారం నుంచీ ఇదే వరస. గిన్నెలోంచి చెంచా కొసతో ఒక్క బొట్టు తీస్తారు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట ఉండే జానెడు గొట్టం బయటికొస్తుంది. దాని కొసనున్న ఏటవాలు గాజు మీద బొట్టు వేసి, మూత మూసి, కిటికీ వైపు తిరిగి ఒక కన్ను మూసుకుంటారు. లోపల పైన నీలం, కింద తెలుపు, ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద నిలిస్తే అంత తీపి, నూటికి అన్ని పాళ్ళు చక్కెర. ఆ లెక్కని బ్రిక్స్ అంటారు, ఆ గొట్టాన్ని రిఫ్రాక్టోమీటరు అంటారు, ఆయన్ని ఉమామహేశ్వరరావుగారు అంటారు, గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ లాబొరేటరీకి చీఫ్ కెమిస్టుగా చేసి రిటైరయ్యారు. "బాగుందా మామయ్యగారూ?" అని అడిగితే "ఇరవై ఆరమ్మా" అంటారు, కోడలన్నాక ఇంతకంటే ఏం కావాలన్నట్టు. పుచ్చకాయ, ద్రాక్ష, పక్కింటి గ్రీకు ముసలావిడ గోడ మీంచి అందించే అంజూరాలు, అన్నిటికీ మార్కులే. మా అమూల్య పసిపిల్లగా ఏడుస్తుంటే ఆ కన్నీళ్ళు కూడా చదువుతారేమోనని హడలిపోయాను. చదవలేదు. ఉప్పు ఆయన డిపార్టుమెంటు కాదు.

ఆ గొట్టమే ఇప్పుడు నా చేతిలో ఉంది, వంటింట్లో రాతి బెంచి ముందు నిలబడి ఉన్నాను. శనివారం మధ్యాహ్నం, దేశం దాటొచ్చి మేముంటున్న క్రాన్‌బర్న్‌లో ఎండ, వెనక పెర్గోలా పందిరి కింద మామయ్యగారు పడక్కుర్చీలో మొహం మీద టోపీ వేసుకుని నిద్రపోతున్నారు, ఊపిరికి ఆ టోపీ పైకీ కిందకీ ఆడుతోంది, నేను గాజు తుడిచి మళ్ళీ ఒక బొట్టు వేసి మళ్ళీ చూశాను, మళ్ళీ పద్నాలుగు. పద్నాలుగు దాటి పిసరంత. పద్నాలుగంటే ఇంకా కోతకు రాని చెరకు, మామయ్యగారి భాషలో "ఇంకో నెల ఆగమను". కానీ ఇది చెరకు కాదు. ఇది అలమరలో పైన, ఫలహారాల డబ్బా వెనకాల, మా ఆయన ఆఫీసు వాళ్ళెవరో తెచ్చిస్తే మూత తియ్యకుండా ఉండిపోయిన వోడ్కా. ఇందులో చక్కెర పలుకు లేదు, సీసా మీద రాసే ఉంది, నాలుక మీద పెట్టుకుని కూడా చూశాను, మంట తప్ప ఏమీ లేదు. మంటకి పద్నాలుగు. చక్కెర లేనిచోట పద్నాలుగు చూపించే గొట్టాన్ని జేబులో పెట్టుకుని మా మామయ్యగారు ముప్పై ఏళ్ళ పైబడి... ఆగు సుందరీ, ఆగు, కూర్చో. కూర్చున్నాను. స్టూలు జరిగిన చప్పుడుకి బయట టోపీ ఒకసారి ఆగి మళ్ళీ ఆడడం మొదలుపెట్టింది.

ఇదంతా బీరు వల్ల వచ్చింది. మా ఆయన హేమచంద్రకి ఏడాదికొక పిచ్చి. పోయినేడు టొమాటో మొక్కలు, అంతకుముందు సైకిలు, ఈ ఏడు బీరు. లాండ్రీలో నా వాషింగ్ మెషీను పక్కన తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి, బార్లీ తీపినీళ్ళు కాచి పోసి, ఈస్టు చల్లి, మూతకి గాలి బయటికి పొయ్యే చిన్న గొట్టం బిగించాడు. నాలుగైదు రోజులు ఆ గొట్టం గుళగుళ గుళగుళమంటూ ఇల్లంతా ఇడ్లీపిండి పొంగిన వాసన. బీరంటే ముక్కు చిట్లించే మామయ్యగారికి, డ్రమ్ములో తీపి ఉందనీ, అది రోజురోజుకీ తగ్గాలనీ, తగ్గినట్టు ఎవరో ఒకరు చదివి చెప్పాలనీ తెలిసిన క్షణంలో పదేళ్ళు వయసు తగ్గింది. తాగరు, చుక్క ముట్టరు, చదువుతారు. ఈస్టు వెయ్యకముందు పన్నెండున్నర అన్నారు. మూడోనాడు ఎనిమిది అన్నారు. ఆ తర్వాత ఆరుంబావు. మర్నాడు ఆరుంబావు. వారం గడిచినా ఆరుంబావే. "సగం చక్కెర అలాగే ఉందిరా, నీ ఈస్టు పడకేసింది" అన్నారు, హేమ ఇంకో పాకెట్ ఈస్టు చల్లాడు, ఆరుంబావు. పాత రగ్గు చుట్టాడు, ఆరుంబావు. పొద్దున్నే ఇద్దరూ ఆ డ్రమ్ము దగ్గర ఐసీయూ బయట చుట్టాల్లా నిలబడేవాళ్ళు. నిన్న మామయ్యగారు బట్టలు ఆరేస్తున్న నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు కదా, "అమ్మాయ్, ఏమీ అనుకోకు, నువ్వేమైనా సరదాకి అందులో పంచదార కలుపుతున్నావా?"

ఏమీ అనుకోకూడదట. ఒకప్పుడు ఆయన గాజు మీద తేనె రాసిపెట్టిన చరిత్ర నాకున్న మాట నిజమే, కాదనను, ఏప్రిల్ ఒకటో తారీఖు అది. కానీ లాండ్రీలో అర్ధకిలో పంచదార కుమ్మరించే ఓపికుంటే నేను దుప్పట్లు మడతపెట్టనా? నా నిర్దోషిత్వం నేనే తేల్చుకుందామని ఇవాళ పొద్దున డాండెనాంగ్ వెళ్ళి బీరు సామాను కొట్లో గాజు తేలుడు కొన్నాను, హైడ్రోమీటరు. బీఎస్సీ కెమిస్ట్రీలో ప్రాక్టికల్స్‌కి వాడినదే, అడుగున బరువు, పైన సన్నటి కాడ, కాడ మీద అంకెలు. తీపినీళ్ళు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పల్చబడితే మునుగుతుంది. మా ఊరి ఫ్యాక్టరీలో దాన్ని స్పిండిల్ అనేవారు. ఆ మాట మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఎవరూ పలకలేదు, అది వేరే సంగతి, కాదు, అదే సంగతి.

హేమ మా నాన్నని తీసుకురావడానికి క్లేటన్ వెళ్ళాడు, అక్కడ మా తమ్ముడు బాలమురళి ఇంట్లో ఉంటారు నాన్న, పదిహేను రోజులకోసారి మా ఇంటికొస్తారు, సాయంత్రం బార్బీ, పెరట్లో నిప్పుల మీద హేమకి చికెనూ, పెద్దవాళ్ళిద్దరికీ మొక్కజొన్న పొత్తులూ పనీరూ. హేమ అటు వెళ్ళగానే నేను డ్రమ్ము కుళాయి తిప్పి గ్లాసెడు బీరు పట్టాను. అందులో బుడగలు, అవి తేలుడుకి అంటుకుంటే దాన్ని పైకెత్తేస్తాయి, అంకె తప్పొస్తుంది, అందుకని రెండు గ్లాసుల్లోకి మార్చి మార్చి కాఫీ తిరగబోసినట్టు తిరగబోశాను, నురగ పొంగి చేతుల మీదికొచ్చింది. పొడుగు జాడీలో పోసి తేలుడు వదిలితే అది బుడుంగున మునిగింది. మంచినీళ్ళలో వెయ్యి దగ్గర నిలిచేది ఇక్కడ వెయ్యి పది దగ్గర నిలిచింది. హేమ కిట్టు డబ్బా మీద బీరు పూర్తయితే రావాల్సిన అంకె అదే. పూర్తయింది. ఎప్పుడో అయిపోయింది. సగం చక్కెరా లేదు, పడకేసిన ఈస్టూ లేదు. కొట్టువాడు నాకు పనికిమాలిన తేలుడు అంటగట్టాడనుకున్నాను ముందు, ఎందుకంటే మామయ్యగారి గొట్టం తప్పవడం నా ఊహకు కూడా అందదు. చెంబుడు నీళ్ళలో పంచదార తూచి కలిపాను, గొట్టంతో చదివాను, తేలుడుతో చదివాను, రెండూ ఒకే మాట చెప్పాయి, అన్నదమ్ముల్లా. మళ్ళీ బీరులో పెడితే విడిపోయాయి. పంచదార నీళ్ళలో నిజం చెప్పే ఇద్దరు సాక్షులు బీరు దగ్గరికొచ్చేసరికి ఎందుకు తగువులాడుకుంటున్నారు, పంచదార నీళ్ళలో లేనిది బీరులో ఏముంది... చెయ్యి దానంతటదే అలమర పైకి వెళ్ళింది, ఫలహారాల డబ్బా పక్కకి జరిగింది.

చదవడంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు, నాకు నేర్పింది ఆయనే కదా. ముందు డిస్టిల్డ్ వాటర్ ఒక బొట్టు వేసి గీత సున్నా మీదికి తెచ్చుకోవాలి, కుళాయి నీళ్ళు పనికిరావు. గాజుని పాత పంచె ముక్కతోనే తుడవాలి, గీత పడకూడదు. వేడి రసం వేస్తే మోసపోతావ్ అమ్మాయ్, చల్లారనియ్యి, బొట్టు వేశాక కూడా తొందరపడకు, గాజు వేడీ బొట్టు వేడీ ఒకటయ్యేదాకా మనసులో ముప్పై లెక్కపెట్టు. మూత కింద గాలిబుడగ ఉండకూడదు. ట్యూబులైటు కాదు, పగటి వెలుతురు వైపు తిరుగు. ఎన్ని పొలాల్లో ఎన్ని చెరకు గడలు పొడిచి ఎన్ని బొట్లు చదివుంటారు, ఆయన పద్దెనిమిదంటే పద్దెనిమిదే, రైతులు కోతకి ఆయన మాట కోసం చూసేవారు. అన్నీ సరిగ్గా చేశారు. ఇవాళ నేనూ అన్నీ సరిగ్గానే చేశాను, ముప్పై కూడా లెక్కపెట్టాను. గొట్టం వెలుతురు ఎంత వంగిందో చూస్తుంది, అంతే, ఎవరు వంచారో దానికి తెలీదు. చెరకురసంలో వంచేది చక్కెర ఒక్కటే, పులిసినదాంట్లో ఆల్కహాలు కూడా ఓ చెయ్యి వేస్తుంది. పులియకముందు ఎంత గొప్ప సాక్షో పులిశాక అంత అబద్ధాలకోరు. ఆయన తప్పు చదవలేదు, చదవకూడనిదాన్ని చదివారు. ఇది ఇప్పుడు బీరు గురించేనా నేననుకుంటున్నది.

ఫ్యాక్టరీ వెనకాల డిస్టిలరీ ఉండేది. చక్కెర తీసేశాక మిగిలిన మొలాసిస్‌కి నీళ్ళు కలిపి పెద్ద పెద్ద తొట్లలో పులియబెట్టేవారు. పులిసినదాన్ని వాష్ అనేవారు. దాన్ని కాచి స్పిరిట్ దించేవారు. ఆ తొట్ల షెడ్డుకి ఇన్‌ఛార్జి మా నాన్న, చలపతి. నేను కేరియర్ పట్టుకుని వెళ్ళేదాన్ని, లోపల అడుగుపెడితే తీపీ పులుపూ కలిసిన ఆవిరి మొహానికి తగిలేది, నాన్న తొట్టి గోడకి చెవి ఆనించి వినేవారు, నాకూ వినిపించేవారు, లోపల వాన కురుస్తున్నట్టు సన్నటి చప్పుడు. "ఇంకా తింటోందమ్మా. చప్పుడాగాక స్పిండిల్ వేసి చూసుకోవాలి, అప్పుడు కాచడానికి వదలాలి" అనేవారు. నేను ఇంటరు చదివే ఏడు స్పిరిట్ తక్కువ దిగింది. ఎందుకు తగ్గిందో చూడమన్నారు జనరల్ మేనేజరు. డిస్టిలరీ కెమిస్టు కామెర్లొచ్చి సెలవులో ఉన్నాడు, అందుకని చెరకు లాబొరేటరీ నుంచి ఉమామహేశ్వరరావుగారిని పంపారు, ఆయన జేబులో గొట్టం పెట్టుకుని వచ్చారు, కాచడానికి సిద్ధంగా ఉన్న వాష్‌లోంచి ఒక్క బొట్టు తీశారు, కిటికీ వైపు తిరిగారు. "చక్కెర బోలెడు మిగిలిపోతోంది. చలపతి తొందరపడి వదిలేస్తున్నాడు" అన్నారు, మీటింగులో, అందరి ముందూ. నాన్న "సార్, స్పిండిల్ వేసి చూడండి సార్, పూర్తయిపోయింది" అన్నారట. "గాజుబుడ్డీల కాలం పోయిందయ్యా" అన్నారట ఈయన, అందరూ నవ్వారట. నాన్నని తొట్ల దగ్గర్నుంచి తీసి కాటా గదిలో కూర్చోబెట్టారు, చెరకు బళ్ళు తూచడానికి. రిటైరయ్యేదాకా అక్కడే. తర్వాతి వేసవిలో వాష్ కాచే స్టిల్లు విప్పితే లోపల గొట్టానికి చిల్లు ఉందని క్వార్టర్సులో అనుకున్నారు, స్పిరిట్ అటు పోయిందని. ఆ మాటనీ ఈ మాటనీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. ఎందుకు చూస్తారు, ఉమామహేశ్వరరావుగారు చదివారు కదా.

ఆ వాష్‌లో ఆల్కహాలుంది. ఆ వాష్‌లో ఆల్కహాలుంది, అందుకే కదా దాన్ని కాచేది, ఫ్యాక్టరీ మొత్తంలో ఏ ఒక్కరికీ, బీఎస్సీ ఫస్ట్ క్లాసు కొట్టిన నాక్కూడా, పాతికేళ్ళు ఆయన పక్కన పాయసం గిన్నె పట్టుకుని నిలబడ్డ నాక్కూడా...

గాజుని పంచె ముక్కతో తుడిచి గొట్టం మూత వేశాను.

నన్ను ఆయన క్షమించి కోడల్ని చేసుకున్నారు. ఈ మాట నేను కల్పించింది కాదు. హేమ నన్నే చేసుకుంటానని పట్టుబడితే పెళ్ళిచూపుల్లో, మా ఇంట్లో మా కుర్చీలోనే కూర్చుని, "తండ్రి చేసింది తండ్రితో సరి, పిల్లదేం చేసింది" అన్నారు, ఎంత పెద్దమనసని మా అమ్మ కళ్ళు తుడుచుకుంది, మా నాన్న, అయ్యో నాన్నా, లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. జోడించారు. ఎవరికి. పాతికేళ్ళుగా నేను క్షమించబడ్డ కోడలిని, అంచేత పప్పు మాడితే "పర్లేదులే అమ్మాయ్, తొందరపాటు రక్తంలో ఉంటుంది", ఇడ్లీపిండి పొంగకపోతే "మీ ఇంట్లో పులియబెట్టడం వరకూ వచ్చు, పూర్తవడమే రాదు", నేను నవ్వేదాన్ని, హేమ నవ్వేవాడు, ఇంటి జోకు కదా, ఏ ఇంట్లో ఉండవు. వియ్యంకులైనా ఈయన "చలపతీ" అనే పిలుస్తారు, నాన్న "సార్" అనే అంటారు, పెర్గోలా కింద ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు కూర్చుని ఎండ గురించి రెండు మాటలు, ఫుటీ, అదే ఇక్కడి ఫుట్‌బాల్, స్కోరు ఇద్దరికీ అర్థం కాదు కాబట్టి దాని గురించి రెండు మాటలు.

ఈయన నవ్వింది కాదు నన్నిప్పుడు కోస్తున్నది. నాన్న నమ్మారు. అదీ. మొదట్లో రెండు మూడు నెలలు రాత్రుళ్ళు అమ్మతో "నేను వదల్లేదే, పూర్తయ్యాకే వదిలాను" అంటుండేవారు, నిద్రలో కూడా. తర్వాత తర్వాత "మెషీను అబద్ధం చెప్పదు కదా, నా చెవే తప్పు విన్నదేమో" అన్నారు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఒకసారి అమ్మ ఇడ్లీపిండి గిన్నె తెచ్చి "పొంగిందంటారా, ఇంకాసేపు ఉంచనా?" అని మామూలుగా అడిగింది, తొట్లు తొట్లు చూసిన మనిషి కదా అని, నాన్న గిన్నెలోకి చూశారు, వాసన కూడా చూశారు, మొహం పక్కకి తిప్పేసుకుని "నన్నడక్కు" అన్నారు. ఇక ఎన్నడూ దేనికీ ఇది అయింది, ఇది కాలేదు అని చెప్పలేదు, అన్నం ఉడికిందా అంటే కూడా "నువ్వే చూసుకోమ్మా". నేననుకున్నాను వయసని. మొన్న పదిహేను రోజుల కింద వచ్చినప్పుడు లాండ్రీలో చేతులు కడుక్కోవడానికి వెళ్ళి బయటికి రావడం లేదేమిటా అని చూస్తే, డ్రమ్ము పక్కన వంగి ఉన్నారు, చెవి ఆ గుళగుళ గొట్టం దగ్గర. అప్పటికే చప్పుడాగి రెండు రోజులు. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికినవాడిలా నిటారుగా లేచారు. "ఏం నాన్నా?" అంటే "ఏం లేదమ్మా, సబ్బు ఎక్కడా అని". సబ్బు ఆయన చేతిలోనే ఉంది. తెలుసు, ఆ రోజే తెలుసు ఆయనకి, పూర్తయిందని చెవికి తెలుసు, బయట పెర్గోలా కింద ఈయన గట్టిగా "ఆరుంబావు, సగం చక్కెర అలాగే ఉంది" అంటుంటే ఆ చెవిని ఈ మాట మళ్ళీ నోరు మూసుకోమంది.

"అమ్మా, ఆర్ యూ ఓకే?" అమూల్య. యూనివర్సిటీకి చదువుకోవాలని గదిలో తలుపేసుకున్న పిల్ల నీళ్ళకొచ్చి బెంచి మీద సీసా చూసింది. "ఈజ్ దట్ వోడ్కా? ఇట్స్ టూ ఇన్ ది ఆర్వో!" అంది, మధ్యాహ్నం రెండింటికే ఏమిటని. నేను "తాతయ్య రీడింగ్ తప్పు" అన్నాను. "విచ్ తాతయ్య?" అంది. ఎంత మంచి ప్రశ్న తల్లీ, ముప్పై ఏళ్ళ కింద ఎవరైనా అడగాల్సిన ప్రశ్న. "బయట నిద్రపోతున్న తాతయ్య" అన్నాను. అది కనుబొమ్మలెత్తి, "యూ ఆర్ గోయింగ్ టు టెల్ హిమ్? హిమ్? గుడ్ లక్" అని సీసా మూత పెట్టి గదిలోకి వెళ్ళిపోయింది. ఫోను మోగింది, హేమ మెసేజి, బయల్దేరాం అని ఎప్పుడో పెట్టాడు, ఇప్పుడు హైవే దిగాం అంటున్నాడు. పది నిమిషాలు. పది నిమిషాల్లో ఏం తేల్చుకోను. చెబితే ఏమొస్తుంది నాన్నకి, తొట్లు తిరిగొస్తాయా, కాటా గదిలో తూచిన బళ్ళన్నీ వెనక్కి నడుస్తాయా, మీరు కరెక్టే నాన్నా అని ఎనభయ్యో ఏట చెబితే ఇన్నాళ్ళు అనవసరంగా తలొంచుకున్నానా అని కుమిలిపోతే. చెప్పకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ ఇడ్లీ, మళ్ళీ జోకు, మళ్ళీ నేను నవ్వాలి. నవ్వలేను. ఆ ఒక్కటి మాత్రం ఖాయంగా తెలుసు, మొహంలో ఆ నరం ఇవాళ తెగిపోయింది. జాడీలోకి చూశాను, బుడగలన్నీ పోయాక తేలుడు ఇంకో వెంట్రుకవాసి దిగింది, ఇందాకటి కంటే ఇంకా ఇంకా పూర్తయినట్టు. ఈయనకి ఒంటరిగా చెప్పనా? ఒంటరిగా చెబితే ఒంటరిగానే ఒప్పుకుని ఒంటరిగానే మర్చిపోతారు. అందరి ముందూ అన్నది అందరి ముందే. కారు డ్రైవ్‌వేలోకి వచ్చిన చప్పుడు. దగ్గుమందు సీసా మూత కడిగి అందులో వోడ్కా పోశాను.

టోపీ లేచింది. "రావయ్యా చలపతీ. ఎండ బాగా కాస్తోంది" అన్నారు మామయ్యగారు. "అవును సార్" అని నాన్న ఆ చివరి కుర్చీ అంచున కూర్చున్నారు. "నీ అల్లుడి బీరు చూశావా, వాడిది కూడా మీ తొట్ల వరసే, మధ్యలో ఆగిపోయింది" అని మామయ్యగారు నవ్వి నావైపు చూశారు, నేను నవ్వే చోటు అది. నేను నవ్వలేదు. గొట్టమూ, డిస్టిల్డ్ నీళ్ళూ, పంచె ముక్కా, మూతా, అన్నీ ఉన్న ట్రే ఆయన ఒళ్ళో పెట్టాను.

"మామయ్యగారూ, ఇది చదివి పెట్టండి."

చదవమంటే ఆయనకి పండగ. సున్నా చూసుకున్నారు, తుడిచారు, బొట్టు వేశారు, పెదాలు కదుపుతూ ముప్పై లెక్కపెట్టారు, ఆకాశం వైపు తిరిగారు. "పద్నాలుగు, పద్నాలుగుంబావు. లేత చెరకు. ఎక్కడ దొరికిందమ్మా, క్వీన్స్‌లాండ్ నుంచి వచ్చిందా?"

"వాసన చూడండి."

మూత ముక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. అంతే. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన కెమిస్టు కదా, రెండో మాట అక్కర్లేకపోయింది. మళ్ళీ డిస్టిల్డ్ నీళ్ళు వేశారు, మళ్ళీ సున్నా, మళ్ళీ వోడ్కా, ఈసారి ముప్పై లెక్కపెట్టడం మర్చిపోయారు. హేమ "ఏంటి సుందరీ ఇది?" అంటున్నాడు, నేను జాడీ తెచ్చి గట్టు మీద పెట్టాను, తేలుడు నిలబడి ఉంది. "బీరు అయిపోయి రెండు వారాలు దాటిందండీ. మునిగింది చూడండి" అన్నాను. హేమ గొట్టాన్నీ తేలుడునీ మార్చి మార్చి చూసి "అంటే... నాన్నా, అప్పుడు తొట్లలో కూడా..." అని ఆగిపోయాడు. మామయ్యగారు చూపు మళ్ళించలేదు, తేలుడునే చూస్తున్నారు.

"గాజు పాతబడిపోయి ఉంటుంది" అన్నారు ముందు. "ఎండ ఎదురుగా పడింది." నేను జాడీని ఇంకాస్త ఆయన వైపు జరిపాను.

నాన్నే మాట్లాడారు. కుర్చీ అంచు నుంచి ముందుకి వంగి, బతిమాలుతున్నట్టు, "పోనీండి సార్. పాత సంగతులు. అవాళ ఆ గాజు మీద కూడా దుమ్మో ధూళో... ఆ షెడ్డులో ఆవిరికి ఏదీ సరిగ్గా కనపడేది కాదు. నాక్కూడా తెలీదు సార్, నేనే తొందరపడ్డానేమో."

"లేదు." మామయ్యగారి గొంతు పీలగా వచ్చింది, ఆ గొంతులో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ట్రే పక్కన పెట్టి లేవబోయారు, మోకాలు పట్టేసింది, హేమ పట్టుకోబోతే వద్దని చెయ్యి తోసేశారు. పెర్గోలా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. నాన్న లేచి నిలబడిపోయారు, అలవాటు. ఇద్దరు ముసలివాళ్ళు ఎదురెదురుగా, ఎవరు ఎవరికి ఏం చెయ్యాలో తెలీనట్టు. లోపల కిటికీ దగ్గర అమూల్య మొహం కనిపించింది.

"దుమ్ము లేదు చలపతీ. గాజు శుభ్రంగానే ఉంది, నేనే తుడిచాను" అన్నారు ఆయన. తర్వాత ఇంటికంతటికీ వినపడేలా అన్నారు: "నీ వాష్ పూర్తిగా పులిసిందయ్యా. నువ్వు చెప్పావు, నేను వినలేదు. తప్పు నాది."